గ్రంథసూచుల ఎగుమతియందు ఇన్సర్ట్ వాక్యముల సంస్కారము

బెంగళూరు నగరమందలి భారతీయ విజ్ఞాన సంస్థ ప్రధానకేంద్రముగా ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను మహాప్రయత్నము సాగినది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పదిలక్షల పుస్తకముల ప్రణాళికకు ఇది భారతీయ శాఖ. రాజ్ రెడ్డిగారు నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937 లో జన్మించి, 1994 లో ట్యూరింగ్ పురస్కారమును పొందినవారు. వారి సంకల్పమునకు బెంగళూరున ఆచార్య ఎన్. బాలకృష్ణన్ గారు కార్యరూప మొసగిరి. ఆ ప్రయత్నము ఫలితముగా, దొరకవు అనుకొన్న తెలుగు పుస్తకములు వేలకొలదిగా పుటపుటయు ఛాయాచిత్రములై నిలిచినవి.

కొన్నేండ్లకు ఆ గ్రంథాలయపు వెబ్‌ద్వారము మూతపడినది. పుస్తకముల ప్రతులు మాత్రము ఇంటర్నెట్ ఆర్కైవ్‌నకు చేరి యున్నవి. పుస్తకములు మిగిలినవి గాని, వాని సూచిక యందలి చిక్కులును వానితోడనే మిగిలినవి. తెలుగు గ్రంథముల పేర్లు తెలుగు లిపిలో గాక రోమన్ లిపిలో నమోదైనవి. ఒకే కర్త పేరు ఒకచోట ఒక విధముగను, వేరొకచోట మఱియొక విధముగను కనబడును. పేరు దొరకని పుస్తకము అటకమీద పడవేసిన పుస్తకముతో సమానము. అది యున్నదని ఎవ్వరికిని తెలియదు. ఈ లోపమును గుర్తించి తెలుగు వికీపీడియాలోని స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పుస్తకముల పట్టికలను తెలుగు లిపిలో తిరిగి కూర్చుటకు పూనుకొనిరి. అది ప్రశంసింపదగిన శ్రమ.

ఇట్లు కూర్చిన పట్టిక ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు పోవలసి వచ్చినపుడు ఏమి జరుగుననునదియే ఇచట విచార్యాంశము. బెంగళూరులోని ఒక తెలుగు సంఘము తన గ్రంథాలయమునందలి రెండుమూడు వేల పుస్తకముల పట్టికను అట్టి పెద్దపట్టికతో కలుపదలచిన దనుకొందము. కంప్యూటరు నెఱిగిన యువకుడొకడు ఎగుమతి సాధనమును నడుపును. ఒక ఫైలు వెలువడును. దానిని రెండవ యంత్రమున దిగుమతి చేయును. పని ముగిసినట్లే తోచును. కాని ఆ ఫైలున నున్నవి కొన్ని వేల వాక్యములు. ఆ వాక్యములను సాధనము తన యలవాటు చొప్పున వ్రాయును గాని, మన యవసరము చొప్పున వ్రాయదు. వానిని మన కనుగుణముగా సంస్కరించుకొననిచో నష్టపోవునది తెలుగు పుస్తకమే.

ఆ వాక్యముల భాషకు ఎస్‌క్యూఎల్ అని పేరు. ఐబీఎం సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిరువురు 1974 లో దీనిని ప్రకటించిరి. 1986 లో ఇది అమెరికా జాతీయ ప్రమాణముగా నంగీకరింపబడినది. పట్టికలో నొక వరుసను చేర్చుమని చెప్పు ఆజ్ఞకు ఈ భాషలో ఇన్సర్ట్ వాక్యమని వ్యవహారము. ఆజ్ఞాపదములు యంత్రమునకు రోమన్ లిపిలోనే ఇయ్యవలయును. ఇచట చదువరుల సౌలభ్యమునకై తెలుగున వ్రాయబడినవి. ఒక వాక్యము చూడుడు:

ఇన్సర్ట్ ఇంటు పుస్తకములు వాల్యూస్ (214, 'రాధికాసాంత్వనము', 'ముద్దుపళని', 'బెంగుళూరు నాగరత్నమ్మ', 'చెన్నపురి', 1910);

ఈ గ్రంథము నుదాహరణగా గ్రహించుట నిష్కారణము కాదు. ముద్దుపళని తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని కాలపు కవయిత్రి. ఆమె కావ్యమునకు పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చిన ముద్రణమున అవతారికయు, కొన్ని పద్యములును తొలగింపబడెను. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) వ్రాతప్రతిని సంపాదించి, పాఠమును సరిచూచి, 1910 లో వావిళ్ళవారిచే సమగ్రముగా ప్రచురింపజేసెను. మఱుసటి యేడే ప్రభుత్వము దానిపై చర్య తీసికొన్నది. 1947 లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలమున ఆ నిషేధము తొలగినది. 1952 లో వావిళ్ళవారు మరల ముద్రించిరి. కావున ఈ పుస్తకమునకు కర్త ఎవరు, పరిష్కర్త ఎవరు, ఏ యేటి ముద్రణమనునవి మూడును ముఖ్యములైన విషయములే.

పై వాక్యమున విభక్తులు లేవు. ‘రాముడు రావణుని చంపెను’ అన్నను, ‘రావణుని రాముడు చంపెను’ అన్నను తెలుగున అర్థము మారదు. పదముల స్థానము మారినను విభక్తి ప్రత్యయము కర్తను కర్తగాను, కర్మను కర్మగాను నిలుపును. ఇంగ్లీషువంటి భాషలలో పదముల స్థానమే అర్థమును నిర్ణయించును. స్థానము తాఱుమారైన రావణుడే రాముని చంపినవాడగును. పై ఇన్సర్ట్ వాక్యము ఈ రెండవ తెగకు చెందినది. ముద్దుపళని కర్త యని ఆ వాక్యమున నెచ్చటను లేదు. ఆమె పేరు మూడవ స్థానమున నున్నది, అంతమాత్రమే. చేర్చుకొనెడు సంఘపు పట్టికలో మూడవ కాలమ్ పరిష్కర్తదియు, నాలుగవది కర్తదియు నైనచో, నాగరత్నమ్మ కావ్యకర్త్రి యగును, ముద్దుపళని పరిష్కర్త యగును. రెండును అక్షరమాలలే గనుక యంత్రము ఎట్టి యాక్షేపమును చెప్పదు. ఒకమారు అవతారికయే పోగొట్టుకొన్న కవయిత్రికి ఈమారు కర్తృత్వమే పోవును.

దీనికి విరుగుడు వాక్యమునకు విభక్తులు చేర్చుటయే, అనగా కాలమ్‌ల పేర్లను వాక్యములోనే వ్రాయించుట:

ఇన్సర్ట్ ఇంటు పుస్తకములు (సంఖ్య, పేరు, కర్త, పరిష్కర్త, స్థలము, సంవత్సరము) వాల్యూస్ (214, 'రాధికాసాంత్వనము', 'ముద్దుపళని', 'బెంగుళూరు నాగరత్నమ్మ', 'చెన్నపురి', 1910);

ఇపుడు చేర్చుకొను పట్టికలో కాలమ్‌ల క్రమ మెట్లున్నను బాధ లేదు. మైఎస్‌క్యూఎల్ వారి ‘మైఎస్‌క్యూఎల్ డంప్’ సాధనము కాలమ్‌ల పేర్లను తనంతట వ్రాయదు. ‘కంప్లీట్ ఇన్సర్ట్’ అను నెంపికను మనమే కోరవలయును. పోస్ట్‌గ్రెస్ వారి ‘పీజీ డంప్’ అసలు ఇన్సర్ట్ వాక్యములనే వ్రాయదు. ‘కాపీ’ యను తన సొంత పద్ధతిలో వరుసలను గుమ్మరించును. ‘కాలమ్ ఇన్సర్ట్స్’ అని కోరినపుడే పేర్లతో గూడిన వాక్యములు వెలువడును. పీహెచ్‌పీ మైఅడ్మిన్, డీబీవర్ మున్నగు సాధనములలో ఈ యెంపికలు తెరమీదనే కనబడును.

పేర్లులేని వాక్యముల చిక్కు చిన్న సంఘములకు మాత్రమే కాదు. వికీమీడియా సంస్థ ఎల్లరకు ఉచితముగా నొసగు తెలుగు వికీపీడియా ఎగుమతి ఫైళ్ళలోను పుటల పట్టికకు సంబంధించిన ఇన్సర్ట్ వాక్యములు కాలమ్‌ల పేర్లు లేకయే యుండును. 2015 లో వెలువడిన మీడియావికీ 1.25 కూర్పున, పుట నెందఱు చూచిరో తెలుపు కాలమ్ ఆ పట్టికనుండి తొలగింపబడినది. పాతకూర్పు పట్టికను తన యంత్రమున నుంచుకొని క్రొత్త ఫైలులోని వాక్యములను మాత్రము దానిలో చేర్పబోయినవానికి లెక్క సరిపోలేదను నాక్షేపణ ఎదురగును. అది నయము. ఆక్షేపణ లేకుండ కర్తయు పరిష్కర్తయు మారిపోవుటకంటె పని నిలిచిపోవుటయే మేలు.

మైఎస్‌క్యూఎల్ డంప్ ఫైలున ఇన్సర్ట్ వాక్యములకు ముందు మఱియొక వాక్యముండును. ‘ఈ పేరుగల పట్టిక యున్నచో దానిని తొలగింపుము’ అని దాని భావము. యంత్రమునకు యంత్రము మొత్తముగా నకలు తీయువారికి అది యుపయోగకరము. క్రొత్త పుస్తకములను పాతవానికి చేర్పదలచినవారికి ప్రాణాంతకము. రెండువందల పుస్తకములు చేర్చుటకు తెచ్చిన ఫైలు మూడువేల పుస్తకముల పట్టికను తుడిచి, దాని స్థానమున రెండువందలను మాత్రము నిలుపును. ‘నో క్రియేట్ ఇన్ఫో’ అను నెంపికతో ఎగుమతి చేసినచో పట్టికను నిర్మించు వాక్యములును, తొలగించు వాక్యములును రాక, ఇన్సర్ట్‌లు మాత్రమే వచ్చును. ఎట్లైనను ఫైలును నడుపుటకుముందు మొదటి ఏబది పంక్తులను కన్నులారా చదువుట మంచిది. ఎందఱో చదువరు.

పైన రోమన్ లిపిలోని పేర్ల ప్రస్తావన వచ్చినది. డిజిటల్ లైబ్రరీ సూచికలో అనుసరింపబడిన లిప్యంతరీకరణమున తెలుగు సున్నకు గుర్తు ఎన్ అను రోమన్ అక్షరమును, దాని వెంట ఒక అపాస్ట్రఫీ గుర్తును. ఆంధ్ర, గ్రంథము, సంపుటము, అలంకారము, పంచాంగము — సున్న లేని తెలుగు పుస్తకపు పేరు వెదకి పట్టుకొనవలసినదే. రాధికాసాంత్వనమునను ‘సాం’ ఉన్నది. ఎస్‌క్యూఎల్ భాషలోనో, ఆ అపాస్ట్రఫీయే అక్షరమాలకు ఆద్యంతములను తెలుపు గుర్తు. అందుచే ‘ఆంధ్ర’ శబ్దములోని సున్న వద్దనే పేరు ముగిసినదని యంత్రము భావించును; మిగిలిన ‘ధ్ర’ ఎవరిదో దానికి తెలియక వాక్యము విఱిగిపోవును. తెలుగున నిండుగా పలుకు సున్న ఇచట మాటను నఱకు కత్తి యైనది!

మంచి సాధనములు ఈ గుర్తును కాపాడి వ్రాయును, కాని అన్నియు నొక్కవిధముగా కాదు. ప్రమాణము ప్రకారము అపాస్ట్రఫీని రెండుమార్లు వ్రాయవలయును. మైఎస్‌క్యూఎల్ డంప్ దానికి ముందు వెనుకకు వాలిన గీతను చేర్చును. ఆ వాలుగీతను పోస్ట్‌గ్రెస్ సామాన్యమైన అక్షరముగానే చదువును గనుక, ఒక యంత్రపు ఎగుమతి రెండవ యంత్రమున సున్న సున్నకును తొట్రుపడును. సాధనమును వదలి, ఉద్ధరణ చిహ్నములను చేతితో నతికించి ఇన్సర్ట్ వాక్యములను అల్లు చిన్న ప్రోగ్రాములలో ఈ రక్షణయే యుండదు. పేర్లను ముందుగా తెలుగు లిపిలోనికి మార్చి, ఆపై ఎగుమతి చేసినచో ఈ బాధ చాలవఱకు తీఱును. అపుడు వేఱొక బాధ మొదలగును, అది లిపిసంకేతములది.

యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 1991 నుండి స్థానము గలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమును మూడు బైట్లను ఆక్రమించును. ఎగుమతి ఫైలు మొదట ‘సెట్ నేమ్స్’ అను వాక్యము, రాబోవు అక్షరములు ఏ సంకేతపద్ధతిలో నున్నవో తెలుపును. అది తప్పైనపుడు రెండు విధములైన యనర్థములు కలుగును. మొదటిది, ఒక్కొక్క తెలుగు సంకేతము మూడేసి వింతగుర్తులుగా కనబడుట. ఇది భయంకరముగా కనబడును గాని సాధ్యరోగము; బైట్లు చెడలేదు, వానిని చదివిన పద్ధతి మాత్రమే తప్పు. పాత లాటిన్-1 పట్టికలలో తెలుగు బైట్లను దాచినవారు, ఎగుమతిని లాటిన్-1 గానే చేయించి, ఫైలులోని సెట్ నేమ్స్ వాక్యమును, పట్టిక నిర్మాణవాక్యములోని సంకేతపద్ధతిని యూటీఎఫ్-8 గా దిద్ది దిగుమతి చేసికొన్నచో అక్షరములు బ్రతుకును. రెండవది, ప్రతి తెలుగు సంకేతమునకు బదులు ఒక ప్రశ్నార్థకచిహ్నము నిలుచుట. ఇది చూచుటకు శుభ్రముగా నుండును. ఇన్సర్ట్ వాక్యము వ్యాకరణరీత్యా నిర్దుష్టముగా నుండును. యంత్రము సంతోషముతో స్వీకరించును. కాని పేరు శాశ్వతముగా పోయినది. ఏ వైద్యుడును దానిని తిరిగి తేలేడు. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్‌లో తెలుగు అక్షరమాలకు ముందు ఎన్ అను రోమన్ అక్షరము నుంచకపోయినను సాధారణముగా ఇదే గతి పట్టును.

అక్షరముల లెక్కలోను యంత్రమునకును, ఛందస్సు చదివినవానికిని భేదము గలదు. ‘శ్రీమదాంధ్రమహాభాగవతము’ అనునది మనకు పదునొకండు అక్షరములు. యంత్రమునకు ఒత్తులు, గుణింతపు గుర్తులు, పొల్లులు వేరువేరుగా లెక్కకు వచ్చి ఇరువదియొక సంకేతములు, బైట్లలో అఱువదిమూడు. ‘స్త్రీ’ అను నొక్క యక్షరమే ఆఱు సంకేతములు, పదునెనిమిది బైట్లు. మీడియావికీలో పుట పేరునకు పరిమితి 255 బైట్లు. ఇంగ్లీషువానికి అది 255 అక్షరములు, తెలుగువానికి 85 సంకేతములు. పేరు అను కాలమ్‌నకు ఏబది చాలుననుకొని నిర్మించిన పట్టికలో దీర్ఘమైన గ్రంథనామము ఇముడదు. యంత్రము ఆక్షేపించినచో సరి. ఆక్షేపణలను అణచివైచినచో పేరు నడుమ తెగి, ఒక్కొక్కప్పుడు చివర పొల్లుతో వ్రేలాడుచు నిలుచును.

సంవత్సరముల విషయము చిన్నది గాని చెప్పక తప్పదు. మైఎస్‌క్యూఎల్‌లో ‘ఇయర్’ అను ప్రత్యేకమైన కాలమ్ రకము గలదు. అది 1901 మొదలు 2155 వఱకు గల సంవత్సరములనే గ్రహించును. 1852 నాటి బ్రౌణ్యనిఘంటువునకును, 1858 నాటి బాలవ్యాకరణమునకును అందు చోటు లేదు. తెలుగు గ్రంథసూచికి ఆ రకము పనికిరాదు; సామాన్యమైన పూర్ణాంకమే చాలును. డిజిటల్ లైబ్రరీ బార్‌కోడ్‌లది వేఱు గొడవ. పదుమూడంకెల ఆ సంఖ్యలు సామాన్య పూర్ణాంకమున ఇమడవు, దాని గరిష్ఠపరిమితి 2,14,74,83,647 మాత్రమే. బార్‌కోడ్‌తో కూడికలు తీసివేతలు చేయువారు లేరు గనుక దానిని అక్షరమాలగా దాచుటయే యుక్తము. ఇన్సర్ట్ వాక్యములోను దానికిరుప్రక్కల ఉద్ధరణ చిహ్నము లుండవలయును.

ఇక అన్నింటికంటె సూక్ష్మమైనది సంఖ్యల తాకిడి. పై ఉదాహరణలో రాధికాసాంత్వనము సంఖ్య 214. అది ఎగుమతి చేసినవారి సంఖ్య. చేర్చుకొను సంఘమున 214 వ పుస్తకము బాలవ్యాకరణమైనచో నేమగును? మామూలు ఇన్సర్ట్ వాక్యమైనచో, ఆ సంఖ్య ముందే యున్నదని యంత్రము పనిని ఆపును. ఆగిపోవుట చూచి విసిగినవారు సాధనమున ‘ఇన్సర్ట్ ఇగ్నోర్’ అను నెంపికను కోరుదురు. అపుడు రాధికాసాంత్వనము చప్పుడు లేకుండ జాఱిపోవును. ‘రీప్లేస్’ అను నెంపికను కోరినచో బాలవ్యాకరణము చప్పుడు లేకుండ జాఱిపోవును. ఏలయన రీప్లేస్ అనగా పాతవరుసను తొలగించి క్రొత్తవరుసను చేర్చుటయే. సంఖ్య నమ్ముకొని రెండు వేఱువేఱు పుస్తకములను ఒక్కటిగా భావించుట ఇందలి దోషము. నిజముగా నొక్క పుస్తకమే రెండుచోట్ల నున్నపుడును రీప్లేస్ అపాయకరమే. సంఘమువారు శ్రమపడి తెలుగు లిపిలో సరిదిద్దుకొన్న పేరు పోయి, బయటినుండి వచ్చిన రోమన్ పేరు దాని స్థానమున కూర్చుండును. ఆ పుస్తకమును ఎవరు తీసికొనిపోయిరో తెలుపు వరుసలు దానిని ఆశ్రయించి యున్నచో, పట్టికల నిర్మాణమునుబట్టి అవియు దానితో పోవచ్చును.

పోస్ట్‌గ్రెస్‌లో 2019 నాటి 12 వ కూర్పునుండి పీజీ డంప్‌నకు ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ అను వాక్యభాగమును చేర్చు వీలు కలిగినది. ఇది తాకిడి కలిగిన వరుసను మాత్రమే విడిచిపెట్టును. పొడవు మించిన పేరును నఱకదు. మైఎస్‌క్యూఎల్ వారి ఇగ్నోర్ పొడవు దోషములను సైతము హెచ్చరికలుగా తగ్గించి పేరును నఱకును, 1858 ని సున్నలుగా మార్చును. రెండింటిలో మొదటిది మర్యాదస్థుడు. ఆ కూర్పుననే ఒక్కొక్క ఇన్సర్ట్ వాక్యమున ఎన్ని వరుసలుండవలెనో నిర్ణయించు నెంపికయు వచ్చినది. వేయి పుస్తకములు ఒకే వాక్యమున నున్నచో దిగుమతి వేగముగా సాగును గాని, ఒక్క పేరు చెడిన వేయియు నిలిచిపోవును. వాక్యమునకు ఒక పుస్తకమైన మెల్లగా సాగును, చెడినది ఏదో వెంటనే తెలియును. రెండుమూడు వేల పుస్తకముల సంఘమునకు వేగముతో పనిలేదు.

ఒకే పుస్తకమని గుర్తించుటకు సంఖ్య పనికిరానిచో పేరును గ్రహింపవలయును. కాని తెలుగు పేర్లు కంటికొకటిగా నుండి యంత్రమునకు రెండుగా నుండవచ్చును. ‘మైసూరు’ అనుదానిలోని ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, ఎత్వమునకు క్రింది గుర్తును చేర్చి రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. చూపునకు భేదము లేదు, బైట్లలో గలదు. పొల్లు తరువాతి అక్షరము ఒత్తుగా మారకుండ నిలుపుటకై ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదములలో చొప్పించు కానరాని సంకేతమును ఇట్టిదే. బెంగళూరున దీనికి మఱియొక వింత తోడగును. తెలుగు కన్నడ లిపులు తోబుట్టువులు. రెండు కీబోర్డులను మార్చి మార్చి వాడువారి చేతిలో తెలుగు పేరునడుమ కన్నడపు రకారము చేరినను కన్ను పట్టలేదు. తెలుగు రకారపు సంకేతసంఖ్య 3120. కన్నడ రకారముది 3248. ఇట్లు సరియగు నక్షరముల నడుమ సరిగా 128 ఎడముండును గనుక, తెలుగు కాలమ్‌లో 3200 మొదలు 3327 వఱకు గల సంకేతము కనబడినచోట యంత్రముచేతనే పట్టించి, 128 తీసివేసి సరిచేయించుట కష్టము కాదు. ఈ శుద్ధి ఎగుమతికి ముందే జరుగవలయును.

ఈ మార్పులను ఎచట చేయవలె ననునది మిగిలిన ప్రశ్న. ఎగుమతి ఫైలును తెఱచి, ఒక మాటకు బదులు మఱియొక మాటను అంతటను పెట్టింపుమని చెప్పుట పెక్కురకు సులభమార్గముగా తోచును. నగరము పేరు 2014 నవంబరు 1 నుండి అధికారికముగా బెంగళూరు అయినదని, ఫైలులోని ‘బెంగుళూరు’ నంతటిని ‘బెంగళూరు’గా మార్చినచో ముద్రణస్థలములతోపాటు నాగరత్నమ్మ పేరును మాఱును. ఆమె గ్రంథముపై అచ్చైన పేరును దిద్దుటకు మనకు హక్కు లేదు. మైసూరు రాష్ట్రము 1973 లో కర్ణాటక మైనదని ఇట్లే ‘మైసూరు’ నంతటిని మార్చినచో ఒక నగరమే గ్రంథసూచినుండి మాయమగును. ఫైలునకు కర్త యేదో, స్థలమేదో తెలియదు. దానికి అన్నియు అక్షరములే.

కావున తగిన మార్గ మిది. ఎగుమతి వాక్యములను ఏ మార్పును లేకుండ ‘వచ్చినవి’ అను నొక మధ్యపట్టికలోనికి దిగుమతి చేసికొనవలయును. ఆ పట్టిక ఎగుమతి చేసినవారి పట్టిక వలెనే యుండును గనుక స్థానములు తప్పవు, సంఖ్యలు తాకవు. అటుపిమ్మట ఒకేయొక ఇన్సర్ట్ వాక్యమును మనమే వ్రాయవలయును:

ఇన్సర్ట్ ఇంటు పుస్తకములు (మూలసంఖ్య, పేరు, కర్త, పరిష్కర్త, స్థలము, సంవత్సరము) సెలెక్ట్ సంఖ్య, పేరు, కర్త, పరిష్కర్త, స్థలము, సంవత్సరము ఫ్రమ్ వచ్చినవి;

ఇందు వారి 214 ‘మూలసంఖ్య’ యను కాలమ్‌లో గుర్తుగా మాత్రము నిలుచును; మన సంఖ్యను మన యంత్రము క్రొత్తగా నొసగును. స్థలమును మార్చవలసినచో స్థలము అను కాలమ్‌నే మార్చుమని చెప్పవచ్చును, నాగరత్నమ్మ జోలికి పోదు. పేరు, కర్త, సంవత్సరము మూడును సరిపోలినవానిని వేఱుచేసి మనిషి చూడవచ్చును. 1910 నాటి ప్రతియు 1952 నాటి ప్రతియు సంవత్సరముచే వేఱుగా నిలుచును. మైఎస్‌క్యూఎల్ డంప్ సాధనమునకు వరుసలను ఎన్నుకొనుట తెలియును గాని, కాలమ్‌లను ఎన్నుకొనుట తెలియదు. ఆ లోపమును సైతము ఈ మధ్యపట్టిక తీర్చును.

ఈ చివరి వాక్యమును నడుపుటకుముందు ‘స్టార్ట్ ట్రాన్సాక్షన్’ అని చెప్పవలయును. నడిపిన పిదప పుస్తకముల లెక్క ఎంత పెరిగినదో చూచి, కొన్ని పేర్లను చదివి చూడవలయును. చదువుటకు ఊరక తోచిన పేర్లను గాక, సున్న గలది యొకటి, స్త్రీ శబ్దము గలది యొకటి, మైసూరు పేరు గలది యొకటి, 1901 కి పూర్వము అచ్చైనది యొకటి ఎన్నుకొన్నచో దోషము దాగదు. ఏది సరిలేకున్నను ‘రోల్‌బ్యాక్’ అన్నచో పట్టిక మునుపటి స్థితికి వచ్చును, ఆ పట్టిక ఇన్నోడీబీ పద్ధతిదై యున్నచో మాత్రమే. పాత మైఐసామ్ పద్ధతి పట్టికలకు ఈ వెనుదిరుగుట లేదు. పట్టికను తొలగించు వాక్యమునకు మైఎస్‌క్యూఎల్‌లో ఏ పద్ధతిలోను లేదు. అందుచే దిగుమతికి ముందు పాతపట్టిక నకలు నొకదానిని వేఱొక యంత్రమున దాచి, దానిని ఒకమారు తెఱచి తెలుగు పేర్లు చదువ వచ్చుచున్నవో లేవో చూచుకొని, ఆ తరువాతనే ‘కమిట్’ అని చెప్పవలయును.